నేను తుడిచేసిన పిల్ల

ఎనిమిదేళ్లుగా ఒక నల్లదారపు ముడి నా గుండెల మీద కూర్చుని ఉంది. పెసరగింజంత ముడి. ఆ మాత్రం దానికి ఇంత బాధపడాలా అని మీకు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్లయితే మొదటి వాక్యం దగ్గరే ఏదో ఒకటి సర్దిచెప్పి తప్పించుకునేదాన్ని. మాది వైరాలో చర్చికి వెళ్లే కుటుంబం. ప్రభువుకు ఈ సంగతి చాలాసార్లు చెప్పుకున్నాను. ఆయనకు చెప్పడం తేలిక, ఆయనకు ముందే తెలుసు కాబట్టి. ఏమీ తెలియని మనిషికయితే మొదటినుంచీ చెప్పాలి. అలా చెబితే గానీ నేను చేసిందేమిటో నాకే పూర్తిగా అర్థం కాదు.

నేను ఫొటోగ్రాఫర్‌ని. పెళ్లిళ్లకు కాదు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, ఒక చిన్న మ్యూజియం ఉంది. పేరు చెప్పను. అక్కడికి వచ్చే పాత వస్తువులకు డిజిటల్ ఫొటోలు తీసి దాచే విభాగం నాది. విభాగం అన్నాను కదా అని ఎక్కువ ఊహించుకోకండి. ఒక గది, రెండు కంప్యూటర్లు, ఇనుప స్టాండుకు నేల చూపులు చూసేలా బిగించిన కెమెరా, అటూ ఇటూ లైట్లు, కిటికీలకు నల్లగుడ్డ. అయినా మొదటిరోజు ఆ గదిలో చర్చిలో కంటే నెమ్మదిగా నడిచాను.

ఆ గదికి పెద్ద గ్రేస్ మేడం. ఖమ్మం ఆవిడ. ఆమె పని చేస్తుంటే చూడటం నాకు పండగలా ఉండేది. ఒక విల్లు, ఒక సొరబుర్ర, ఒక వెదురు గంప, ఏది వచ్చినా ముందు పది నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగేది. తర్వాత లైటును ఒక బెత్తెడు జరిపేది. అంతే. గంప అల్లిన మనిషి వేళ్లు ఏ మలుపు దగ్గర గట్టిగా లాగాయో, ఎక్కడ అలిసిపోయాయో ఫొటోలో తెలిసిపోయేది. నేను అంతకుముందు వందల ఫొటోలు చూశాను గానీ, ఫొటోలో అలసట కనిపించడం అప్పుడే చూశాను.

ఆమె నాకు నేర్పిన నియమం ఒక్కటే. "బ్యాక్‌గ్రౌండ్‌ల దుమ్ముంటే తుడువు. వస్తువు మీద ఏమున్నా దాని జోలికి పోకు. అది మనది కాదు" అనేది. నేను తల ఊపేదాన్ని.

కానీ నా చేతికి అంతకుముందే వేరే చదువు వచ్చి ఉంది. వైరా బస్టాండు దగ్గర మా నాన్నకు ఫొటో స్టూడియో ఉండేది. ఇంటర్ చదివే రోజుల నుంచే అక్కడ కూర్చుని టచప్ చేసేదాన్ని. పెళ్లిచూపుల ఫొటోల్లో మొటిమలు, పాస్‌పోర్టు ఫొటోల్లో చెదిరిన జుట్టు, ముసలివాళ్ల ఫొటోల్లో కళ్ల కింద నలుపు, నా మౌస్ కింద ఏదీ నిలిచేది కాదు. "మా బిడ్డ చెయ్యి పడ్డదంటే చందమామకు గూడ మచ్చ ఉండదు" అని నాన్న వచ్చినవాళ్లందరి ముందూ మురిసిపోయేవాడు. ఆ మాట నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తుంది.

నేను చేరిన రెండో ఏడు, ములకలపల్లి అవతలి ఒక కోయ ఊరి నుంచి పడిగె వచ్చింది. పడిగె అంటే పొడుగాటి మూడుమూలల గుడ్డ. దాని మీద ఆ వంశం కథంతా కత్తిరించిన బట్ట బొమ్మలతో కుట్టి ఉంటుంది. దాన్ని వేలాడదీసి, చూస్తూ పెద్దల కథ పాడతారు. ఆ ఊళ్లో పాతది చివికిపోతే దాన్ని చూసి కొత్తది కుట్టుకుని, పాతదాన్ని గోదావరిలో వదులుతారు. ఈసారి పాతది విప్పితే పొడి రాలేంతగా చివికింది. కుట్టే మనిషి నెలలపాటు దాన్ని పరుచుకుని కూర్చునే వీలు లేదు. అందుకని, ఉన్నంత సైజులో ఫొటో తీసి ఇమ్మన్నారు, దాన్ని చూసి కుట్టుకుంటామని. పాతదాన్ని మ్యూజియంలోనే ఉంచమని మావాళ్లు అడిగితే, అది నీళ్లలోకి పోవాల్సిందేనని మర్యాదగానే చెప్పారు.

అంత గొప్ప చేతిపని నేను అప్పటిదాకా చూడలేదు. ఇప్పటిదాకా కూడా చూడలేదు. ఎర్రబట్టలో కత్తిరించిన మనుషులు, చిటికెన వేలంత ఒక్కొక్కరు, వరసగా ఏరు దాటుతున్నారు. ఒకడి నెత్తిన బుట్ట, ఒకామె చంకన బిడ్డ, ఒక ముసలాయన వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఏ ఇద్దరి నడకా ఒకటి కాదు. మెడ వంపు దగ్గర ఒక్క కత్తెర గాటు పెట్టి తొందరపాటు చూపించగలిగిన ఆ మనిషి ఎవరో గానీ, ఆయన ముందు నా కెమెరా చిన్నబోయింది. పద్దెనిమిది ముక్కలుగా తీసి కంప్యూటర్లో కలపడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అన్నం డబ్బా తెరవడం కూడా మర్చిపోయి పనిచేశాను.

చివరి ముక్కలో ఆ ముడి ఉంది. వరస అయిపోయాక రెండంగుళాలు వెనగ్గా, అంచు దగ్గర, నల్లదారం ముడి. దారం కొస పైకి లేచి ఉంది. బొమ్మలన్నీ ఎరుపు, ఇదొక్కటే నలుపు. స్క్రీన్ మీద ఈగ వాలినట్టు కనిపించింది.

తుడిచేశాను. రెండు క్లిక్కులు.

దుమ్మనుకున్నానని చెబితే ఎంత బాగుండేది. ఎనిమిదేళ్లలో ఆ మాటను ఎన్నిసార్లు సాధన చేశానో. కానీ నేను పెద్దది చేసి చూశాను. దారం గుడ్డలోంచి దూరి బయటికి వచ్చింది, కనిపించింది. ఎవరో కుట్టిందని తెలుసు. కుట్టినాయన చివర్లో ముడి కత్తిరించడం మర్చిపోయాడేమో, పాపం, ఇంత అందమైన పనికి ఇదొక మచ్చ ఎందుకు అనిపించింది. దాన్ని మెచ్చుకుంటూనే తుడిచాను. మెచ్చుకోవడంలో కూడా ఇంత పొగరు ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. ఫైలుతో పాటు పెట్టే ఫారంలో "మార్పులు" అని ఒక గడి ఉంటుంది. "లేవు" అని రాసి సంతకం పెట్టాను.

ఫొటోను గుడ్డంత సైజులో ప్రింటు తీయించాం. గ్రేస్ మేడం దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, "చెయ్యి కుదిరింది నీకు" అంది. ఆమె అంతకంటే పొడుగ్గా ఎవరినీ మెచ్చుకోదు. ఆ రోజు బస్సులో వైరా చేరేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక పొరపాటు. అసలు తప్పు నాలుగు నెలల తర్వాత, నోటితో చేశాను.

కొత్త పడిగె తయారైందని మమ్మల్ని పిలిచారు. గ్రేస్ మేడం, నేను జీపులో వెళ్లాం. ఆ పొద్దున్నే మగవాళ్లు పాతదాన్ని గోదావరిలో వదిలి వచ్చారు. పందిట్లో చాపలు పరిచి కొత్తదాన్ని విప్పారు. నా ఫొటో చూసి కుట్టినాయన పనితనం పాతదానికి ఏమాత్రం తీసిపోలేదు. అందరూ నా చుట్టూ చేరి ఫొటో ఎంత బాగా వచ్చిందో చెబుతున్నారు.

అప్పుడు జోగమ్మ అవ్వ వచ్చింది. ఆ పడిగె ఉండే ఇంటి పెద్దకోడలు, ఎనభై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులతో ఏటికి పోలేదు. చూపు కూడా సరిగా ఆనదు. గుడ్డ పక్కన చతికిలబడి, కుడిచేతి చూపుడువేలు మొదటి బొమ్మ మీద పెట్టింది. ఒక్కొక్కరినే తడుముతూ, తమ భాషలో ఏదో గొణుగుతూ వరసంతా నడిచింది. బుట్ట మోసేవాడు, బిడ్డ తల్లి, వెనక్కి చూసే ముసలాయన. నేను నాలుగు రోజులు లెన్సుతో చూసినదాన్ని ఆమె వేలు ఐదు నిమిషాల్లో చూసింది, నాకంటే బాగా చూసింది. నేను కళ్లార్పకుండా ఆ వేలినే చూస్తున్నాను.

ఆఖరి మనిషి దాటాక వేలు ఆగలేదు. ఇంకో రెండంగుళాలు వెనక్కి పోయింది. అక్కడ అటూ ఇటూ వెతికింది.

ఫొటో తీసింది నేనేనని ఎవరో చెబితే ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"ఈడ ఒకటుండాలె బిడ్డా."

"ఏందవ్వా?"

"ఎనకబడ్డ పిల్ల. ఏరు దాటేటప్పుడు ఎనకబడ్డది. మగోళ్ల పాటల రాదు, గుడ్డ మీదనే ఉంటది. మా అత్త సూపిచ్చింది నాకు, నల్లగ ఇంతే ఉంటది. ఫొటోల లేదా?"

"లేదవ్వా."

"సక్కగ సూసినవా?"

"చూసిన. ఫొటోల లేదు."

ఆమె తన వేలినే ఎత్తి కళ్ల దగ్గర పెట్టుకుని చూసుకుంది.

"ఫొటోల లేదంటే లేదేమో తియ్. నా ఏలుదే తప్పయి ఉంటది."

అని, నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. చాలా తేలికైన మనిషి.

నా లాప్‌టాప్ జీపులో ఉంది. కెమెరా తీసింది తీసినట్టు ఉండే అసలు ఫైలు అందులో ఉంది. తెరవడానికి రెండు నిమిషాలు. కుట్టినాయన పక్కనే ఉన్నాడు, సూదీ దారం ఆయన దగ్గరే ఉన్నాయి. ఒక్క ముడి వేయడానికి ఎంతసేపు? ఎందుకు నోరు తెరవలేదు నేను?

ఉద్యోగం పోతుందని భయపడ్డానంటే మీరు నమ్ముతారు. ఏటేటా కాంట్రాక్టు పొడిగించే కొలువు, తప్పుడు సంతకం, పది అడుగుల దూరంలో గ్రేస్ మేడం. అన్నీ నిజమే. కానీ పొద్దుటి నుంచీ అంతమంది మెచ్చుకుంటుంటే నాకు హాయిగా ఉంది, ఆ హాయి ఇంకాసేపు ఉండాలనిపించింది. అసలు కారణం ఇంత చిన్నది. దానికోసం ఒక ముసలమ్మ తన వేలిని తానే నమ్మకుండా చేశాను. పిల్లను తుడవడం కంటే నన్ను ఎక్కువ కాల్చేది ఇదే.

మర్నాడు ఆఫీసులో అసలు ఫైలు తెరిచి, ఆ మూలను ఎంత పెద్దది చేయగలనో అంత పెద్దది చేశాను. ముడి కింద రెండు కుట్లు ఉన్నాయి. ఒకటి నిటారుగా, ఒకటి ముందుకి వాలి. అవి కాళ్లు. ఆ పిల్ల నడుస్తోంది, వాళ్లను అందుకోవడానికి. పైకి లేచిన దారం కొస జుట్టు అయి ఉంటుంది. పెసరగింజంత చోటులో, ఎవరో ఒక ఆడమనిషి, పాటలో చోటు దొరకని పిల్లను అలా నడిపించింది. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపించింది. మొక్కలేదు. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఆఫీసు డిస్కులోంచీ లాప్‌టాప్‌లోంచీ చెరిపేశాను.

గ్రేస్ మేడం రిటైరై పోతూ గది తాళం నా చేతిలో పెట్టింది. నా ఫైళ్లు మళ్లీ తెరిచి చూడాల్సిన పని తనకెప్పుడూ పడలేదని అందరి ముందూ చెప్పింది. మూడేళ్ల తర్వాత జూలూరుపాడులో బస్సు కోసం నిలబడి ఉంటే, పడిగె వాళ్ల ఊరాయన కలిసి జోగమ్మ అవ్వ పోయిందని చెప్పాడు. అప్పుడు నా మనసులో ముందు వచ్చింది ఏడుపు కాదు. ఇక ఎవరికీ తెలియదు అనిపించింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ వరసను మీ దగ్గర దాచలేను.

పోయిన వారం ఆ కొత్త పడిగె మా గదికి వచ్చింది. ఎలా ఉందో చూసి మళ్లీ ఫొటో తీయడానికి. అవ్వ కోడలు తెచ్చింది. బల్ల మీద పరిచాక, వెళ్లిపోయే ముందు, ఆమె చూపుడువేలు వరస చివర, రెండంగుళాలు వెనగ్గా, ఖాళీ గుడ్డ మీద ఆనించి, కళ్లకు అద్దుకుంది. ఎందుకని అడిగితే చెప్పేదే. నేను అడగలేదు.

ఆమె వెళ్లాక లైట్లు వేసి చూశాను. సరిగ్గా అక్కడ గుడ్డ నల్లబడి ఉంది. చేతుల జిడ్డు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంటి ఆడవాళ్లు ముట్టుకుంటున్న చోటు. పెసరగింజ కంటే కొంచెం పెద్దది. అవ్వ నా మాట నమ్మిందనుకున్నాను. నమ్మి కూడా, ఆ చోటు మాత్రం చూపించే పోయింది.

దీన్ని చూసి నా తప్పు తీరిందని నేను అనుకోవడం లేదు. ఆ నలుపు వాళ్లది, వాళ్ల పట్టుదలది. అందులో నాకు వాటా లేదు.

ఈ రోజు పెన్‌డ్రైవ్‌లోని ఫైలును దాని పాత నంబరుతోనే డిస్కులో తిరిగి పెట్టాను. పాత ఫారం తీసి "మార్పులు" గడిలో "లేవు" కొట్టేశాను. పక్కన రాశాను: "ఉన్నాయి. వరస చివర రెండు కాళ్లున్న నల్ల ముడి ఉండేది. వెనకబడిన పిల్ల. ఫొటోలో తుడిచింది నేను. అడిగితే లేదని చెప్పిందీ నేనే." కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. అక్కడ పేరు ఉంది కాబట్టి ఇక్కడ లేకపోయినా ఫరవాలేదు.

సోమవారం ఆ కోడలు పడిగె తీసుకుపోవడానికి వస్తుంది. ముడి ఉన్న ఆ మూలను ప్రింటు తీసి బల్ల మీద ఉంచాను. చూసి ఏమంటుందో తెలియదు. ఏమన్నా అనే హక్కు ఆమెకు ఉంది. నేను అనాల్సిన మాట మాత్రం ఎనిమిదేళ్లుగా నోట్లోనే ఉండిపోయింది. ముందు మీ దగ్గర ఒకసారి అని చూసుకుంటున్నాను.

అవ్వా, నీ ఏలుది తప్పు కాదు.