అసిమి వెనక తిత్తి

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నాయన అనంతపురంలో మా ఇంటి గడప దగ్గర అసిమి దింపాడు. అసిమి అంటే నడుమ నోరు, రెండు కొసల్లో రెండు తిత్తులు ఉండే పొడుగాటి సంచి. భుజాన వేసుకుంటే ఒక తిత్తి ముందుకు, ఒకటి వీపు మీదికి వేలాడుతుంది. ముందుదాంట్లో దారిలో తినే సద్ది. వెనకదాంట్లో వెళ్లే ఇంటికి ఇచ్చేది. ఆ ఇంటివాళ్లు దాన్ని ఖాళీ చేసుకుని, చారెడు బొరుగులైనా వేసి తిరిగి పంపాలి. చావు జరిగిన ఇంటి నుంచి మాత్రమే అది ఖాళీగా వచ్చేది.

ఆ ఏడు వాన లేదు. విత్తనానికి దాచుకున్న శెనక్కాయల్లోంచే తీసి తెచ్చాడు. నేను వాటిని డబ్బాలో పోసుకున్నాను. మధ్యాహ్నం కాలేజీలో క్లాసుంది. ఆ తొందరలో అసిమి దులిపి, మడిచి చేతికిచ్చాను.

"ఉత్తదేనామ్మా?" అన్నాడు.

"తేలిగ్గా ఉంటాది నాయనా. బస్సులో జనం గదా."

"ఔలే. తేలిగ్గానే ఉండాది."

దాన్ని భుజాన వేసుకోలేదు. చంకలో పెట్టుకుని మా ఊరు బెళుగుప్పకు బయలుదేరాడు. నేను చేసిందేమిటో క్లాసు మధ్యలో తట్టింది. వచ్చే నెల వెళ్లి చెప్పుకుందామనుకున్నాను. ఆ నెల రాకముందే ఆయన పోయాడు.

తర్వాత చాలా సాయంత్రాలు లైబ్రరీలో అసిమి అనే మాట ఎక్కడిదో వెతుకుతూ కూర్చున్నాను. నిఘంటువులో సంచి ఆకారం ఉంది, మర్యాద లేదు. కన్నడం తెలిసిన సహోద్యోగి తమ వైపు హసుబె అంటారని చెప్పింది. ఏది ముందో ఆమెకూ తెలియదు. నిజానికి నాకు తెలియాల్సింది వేరు. బిడ్డ లేనట్టే అనుకుని పోయాడా? అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

సంవత్సరీకం నాడు అమ్మతో చెప్పాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తలేదు.

"ఉత్తది యాడొచ్చిందే? రేగ్గాయలు తెచ్చినాడు. బిడ్డ పెట్టిచ్చింది అన్యాడు."

"నేను పెట్టలేదమ్మా."

"నాకు తెలీదా? దోవలో ఉరవకొండ బస్టాండులో అమ్మే రేగ్గాయలవి. తింటే పండ్లు జివ్వుమన్యాయి. అబద్ధం చెప్పేదానికి గూడా తెలివుండల్ల, మీ నాయనకు యాడిది?"

ఒక రాయి ఏరి పక్కన పడేసి, "నేనూ తియ్యగుండాయనే అంటి" అంది.

అసిమి ఇప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. మా వైపు ఎవరూ దాన్ని కుట్టించుకోవడం లేదు. వచ్చినవాళ్ల సంచిలో ఏదో ఒకటి వేసి పంపడం కూడా మానేశాం.