7,39,39,133ని భాగించిన మధ్యాహ్నాలు

మా అత్తగారు తుని దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను పదో తరగతి లెక్కలు అత్తెసరు మార్కులతో గట్టెక్కినదాన్ని. కాపురానికి వచ్చి పదహారేళ్లయినా మా ఇద్దరి మాటలూ కూర దగ్గర మొదలై చారు దగ్గర ముగిసేవి.

ఒక ఆదివారం తొమ్మిదో తరగతి చదివే మా పాప ఫోన్లో చూసి చెప్పింది.

"మామ్మా, 7,39,39,133 ప్రధాన సంఖ్యంట. కుడివైపు నుంచి ఒక్కో అంకె తీసేస్తూ పోయినా మిగిలిందల్లా ప్రధాన సంఖ్యేనంట. ఇలాంటివాటిలో ఇదే పెద్దదంట."

ప్రధాన సంఖ్యని ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరేదీ శేషం లేకుండా భాగించలేదు. ఏడు, డెబ్బై మూడు, ఏడు వందల ముప్ఫై తొమ్మిది, అక్కడిదాకా అత్తగారు నోటితోనే తేల్చేశారు. "మిగతావి కాగితం మీద చూడాలే," అన్నారు.

"ఫోన్లో ఉందిగా మామ్మా!"

"ఫోన్‌కి తెలిస్తే నాకు తెలిసినట్టా?"

ఏడంకెల సంఖ్య దాకా రావడానికి ఆవిడకి నెలన్నర పట్టింది. ఇక మిగిలింది మొత్తం ఎనిమిదంకెలూ. దాన్ని 8597 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. వెయ్యికి పైగా భాగాహారాలు. అంతకన్నా పెద్దది భాగిస్తే, దానికి జంటగా ఓ చిన్నది ముందే దొరికిపోతుందట. పాప ప్రింటు తీయించి తెచ్చిన జాబితాలో రోజుకి పదేసి కొట్టేస్తూ సగం దాకా వచ్చారు. ఇంతలో కంట్లో శుక్లం తీయించాల్సి వచ్చింది. కొన్నాళ్లు కంటికి పని చెప్పొద్దన్నారు డాక్టరుగారు.

ఇంటికొచ్చిన మూడో రోజు నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని, "అమ్మాయ్, కాస్త నువ్వు చేసి పెడతావా?" అన్నారు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"నాకు లెక్కలు రావండి అత్తయ్యగారూ."

"భాగాహారం వచ్చుగా. చాలు."

భోజనాలయ్యాక నేను చేసేదాన్ని, ఆవిడ వినేవారు. ఓ మధ్యాహ్నం పెన్ను కింద పడేసి అరిచినంత పనిచేశాను.

"శేషం సున్నా వచ్చిందండీ! అంటే ఇది ప్రధాన సంఖ్య కాదన్నమాట!"

ఆవిడ తొణకలేదు. "మొదట్నుంచీ చదువు," అన్నారు. సగం చదివానో లేదో, "రెండో తొమ్మిదిని దించావా?" అని అడిగారు. దించలేదు. ఆ లెక్క కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

"ఇరవై తొమ్మిదేళ్లు పాఠం చెప్పాను. పిల్లలు ఎక్కడ జారతారో అక్కడే జారావు," అని నవ్వారు. ఆ నవ్వు పిల్లలకే దక్కేదని అదివరకు విని ఉన్నాను.

అప్పట్నుంచి నేనే వంట తొందరగా ముగించేదాన్ని. లెక్క మధ్యలో ఆవిడ తన మొదటి ఉద్యోగం గురించి, బస్సు తప్పిపోయి ఏడ్చిన రోజు గురించి చెప్పేవారు. నేను మా అమ్మ గురించి చెప్పేదాన్ని.

కొత్త కళ్లద్దాలు వచ్చాక కూడా ఆవిడ పెన్ను తీసుకోలేదు. చివరి 8597తో నేనే భాగించాను. భాగఫలం 8600, శేషం 4933. రెండుసార్లు చూశారు. లెక్కలు చేసిన నోటు పుస్తకం తన ముందుకు లాక్కుని, కింద "ప్రధాన సంఖ్యే" అని రాసి, సంతకం చేసి, నా వైపు జరిపారు.

"నేనెందుకండీ?"

"సగం నీదేగా. పెట్టు."