మచ్చ లేని ఫొటో

మా బాబాయ్ పోయాడు. దర్శిలో ఒక పెళ్ళికి ఫొటోలు తీస్తుంటే కబురొచ్చింది. మైల వచ్చినవాడు పందిట్లో ఉండకూడదు కాబట్టి కెమెరా నాతో వచ్చినతని చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి బస్సెక్కాను. చిలకలూరిపేట వచ్చేదాకా కిటికీలోంచి ఎండబోసిన మిరపకాయలే కనిపించాయి. ఏడుపు మాత్రం రాలేదు.

పేటలో స్టూడియో ఆయనది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్నో ఇళ్ళ గోడల మీద ఆయన తీసిన ఫొటోలే ఉంటాయి, మీ ఇంట్లోనూ ఉందేమో చూడండి. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫొటోని ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. కింది పెదవి పక్కన ఆయనకో తెల్లమచ్చ ఉండేది. "కాస్త తెల్లగా వచ్చేట్టు తీయండి" అని ఎవరైనా అడిగితే, "మిరపకాయ కోతలు అయ్యాక రండమ్మా, మీరే తెల్లబడతారు. అంత తొందరైతే నా మచ్చలో కొంచెం అరువిస్తా" అనేవాడు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ నవ్వునే ఫొటో తీసేవాడు.

ఏటా మా ఫొటోగ్రాఫర్లకి పోటీ పెట్టేవాడు. రూలు ఒక్కటే: తీసింది తీసినట్టే ఇవ్వాలి, కలపకూడదు, చెరపకూడదు. ఒక ఏడాది నేను మా పొలంలో మిరపకళ్ళం ఫొటో ఇచ్చాను. ఆకాశానికి అడ్డంగా కరెంటు తీగ పడితే కంప్యూటర్లో తుడిచేశాను. అందరూ ఆహా అన్నారు. బాబాయ్ కళ్ళజోడు పైకి నెట్టాడు.

"ఏరా, తీగ ఏది?"

"అడ్డంగా ఉందని తీసేశాను బాబాయ్."

"తీగ లేకుండా మన మోటారు ఎట్టా తిరుగుతోందిరా?"

అందరూ పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా ఫొటో పక్కన పెట్టేసి, ప్రైజు ఒక కొత్తమ్మాయికి ఇచ్చాడు. జిన్నింగు మిల్లులో జుట్టు నిండా దూదితో నవ్వుతున్న ఆడవాళ్ళ ఫొటో అది. ఒక మూల ఎవరిదో మోచెయ్యి కూడా అడ్డొచ్చింది.

ఇంటికొచ్చి ఆయన మీద ఎగిరాను. "సొంత అన్నకొడుకునని కూడా చూడవా? ఒక్క తీగేగా!"

"ఆ మోచెయ్యి తుడిపెయ్యడం ఆ అమ్మాయికి చేతకాకనా? రూలు ఉందని ఉంచేసింది. నీకు ప్రైజిచ్చి నేను ఆ పిల్ల మొహం ఎట్టా చూడనురా?" అన్నాడు. అని, నాకు ఇంకాస్త కూర వెయ్యమని పిన్నికి చెప్పాడు.

ఈ కథ నేను చాలామందికి నవ్వుతూ చెప్పాను. బుద్ధొచ్చిందని కూడా చెప్పుకున్నాను. ఏం రావడం, నా మొహం!

పెద్దకర్మకి ఫ్లెక్సీ నేనే చేశాను. గేటు దగ్గర కట్టేది, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు, అంత పెద్ద సైజులో ఆ మచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుందేమో అనిపించింది. ఇదేమన్నా పోటీనా అని నాకు నేనే సర్దిచెప్పుకుని తుడిచేశాను. సిగ్గులేని చెయ్యి. వచ్చినవాళ్ళు "ఎంత కళగా ఉన్నాడో" అంటుంటే, పక్కనే నిలబడి తల ఊపాను.

చుట్టాలంతా వెళ్ళిపోయాక పిన్ని మెల్లగా గేటు దాకా వచ్చింది. ఫ్లెక్సీ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"మచ్చ ఏదిరా?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. దుమ్ము పట్టిందనుకుంది పిచ్చితల్లి. నేను నోరు తెరిచాను. 'అడ్డంగా ఉందని' అన్న ఆ పాత మాటే నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పిన్ని నా జవాబు కోసం ఆగలేదు. కొంగు చివర తడిచేసుకుని, ఆయన పెదవి పక్కన మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.