గొంగడి లేని వలస

మందలో ఏ గొర్రెకు జబ్బు చేసిందో నర్సింగమ్మ ముట్టకుండానే చెబుతుంది. జబ్బు గొర్రె గుంపుకు దూరంగా నిలబడుతుంది. మేత ముందున్నా తల దించదు. కేతేపల్లిలో చాలామంది ఆమెనే అడుగుతారు.

ఆమె కొడుకు బీరన్నకు మనసు జబ్బు. కొన్నాళ్లు నిద్ర లేకుండా ఊరంతా తిరుగుతూ మాట్లాడేవాడు. కొన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు మందులతో నిలకడగా ఉన్నాడు. అతన్ని దవాఖానలో చేర్చిన ప్రతిసారీ నర్సింగమ్మ మనవరాలు ప్రవళికకు ఒకటే చెప్పేది.

"మీ బాపు చుట్టాల మందతోని కృష్ణ ఒడ్డుకు వలస పోయిండు."

ప్రవళికకు పదమూడేళ్లు. ఈ వానాకాలం నుంచి కంచంలో అన్నం మిగులుతోంది. ఒకరోజు నర్సింగమ్మ మంద తోలుకుపోతూ బడి గోడ మీదుగా చూసింది. పిల్లలంతా ఒకచోట తింటున్నారు. ప్రవళిక దూరంగా, ముట్టని డబ్బాతో నిలబడి ఉంది.

సాయంత్రం దొడ్డి దగ్గర నర్సింగమ్మ మనవరాలి పక్కన కూర్చుంది. కొంచెం అవతల బీరన్న తడిక కడుతున్నాడు.

"బిడ్డా, నీకు అబద్ధం చెప్పిన. మీ బాపు వలస పోలే. పట్నం దవాఖానల ఉండె."

"ఎరుకే అవ్వా."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పాలె? గొంగడి కొయ్యకే ఉండె గద."

గొంగడి లేకుండా గొర్లకాపరి పొలిమేర దాటడు. ఎండకు, వానకు, పడకకు అదే. ఇన్నేళ్లూ నర్సింగమ్మ దాన్ని దాచడం మరిచింది.

"మరి అడగకపోతివి?"

"అడిగితే నువ్వు ఏడుస్తవని."

గొర్రెపిల్ల ఒకటి వచ్చి ప్రవళిక మోకాలికి తల రుద్దింది. ఆమె చెయ్యి కదలలేదు.

"నాకు గూడ గట్లనే అయితదా అవ్వా?"

కాదనే మాట నర్సింగమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగింది.

"తెల్వదు బిడ్డా. ఇంట్ల ఒకలకు ఉన్నదని అందరికి రాదన్నరు. నీకేమైతాందో రేపు నల్లగొండ దవాఖానకు పోయి డాక్టరమ్మను అడుగుదాం. ఇగ దాసిపెట్టుడు లేదు."

దొడ్డి తడిక కడుతున్న బీరన్న చేతులు ఆగాయి.

"నేను గూడ వస్త. డాక్టరమ్మతోని ఎట్ల మాట్లాడాల్నో నాకెరుక."

"నువ్వు మొదలువెడితే నా వంతు రాదు బాపు," అంది ప్రవళిక.

నెల రోజుల్లో ఆమె నోట వచ్చిన మొదటి ఎత్తిపొడుపు అది. బీరన్న తల దించుకుని నవ్వాడు.

తెల్లవారి ముగ్గురూ బయలుదేరారు. గడప దాటిన బీరన్న వెనక్కి వెళ్లి, కొయ్యకున్న గొంగడి తీసి భుజాన వేసుకున్నాడు. బస్సులో ప్రవళిక దాని అంచు లాక్కుని కాళ్ల మీద కప్పుకుంది.