వంటింట్లో కూర్చోవలసిన నాయకుడు

కంపెనీలు స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ నిబంధనలు బిగుసుకొన్న సంవత్సరంలో నేను రియాద్‌లోని మలాజ్‌లో, ఒక మెయింటెనెన్స్ కంపెనీలో శిక్షణాధికారిగా ఉన్నాను. పనిదినాల్లో టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చేవాణ్ణి. సెలవు రోజున తెలుగు ప్రార్థన కూటాల నాయకులకు. రెండవదానికి జీతం లేదు, పద్ధతి మాత్రం ఒకటే. నేర్చుకొనేవాడు మొదట చూస్తాడు, తరువాత మనతో కలిసి చేస్తాడు, చివరకు మనం లేకుండా చేస్తాడు.

రియాద్‌కు తూర్పున ఉన్న హుఫూఫ్ పట్టణంలోని కూటానికి నాయకుడు సామ్యూల్. గుంటూరు మనిషి, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. సౌదీలో చర్చిలకు అనుమతి లేదు గనుక ఆయన ఫ్లాటులోనే తలుపులు మూసి, డోలక్ లేకుండా, గొంతు తగ్గించి పాడేవారు. తగినంతమంది సౌదీలను చేర్చుకోనందున ఆయన కంపెనీ రెడ్ కేటగిరీలో పడింది. నివాస అనుమతి పత్రాలైన ఇకామాల రెన్యువల్ ఆగిపోయి, ఆయనకు దేశం విడిచి వెళ్ళే ఫైనల్ ఎగ్జిట్ ఖాయమైంది. మరొకరు తయారు కాకపోతే కూటం మూతపడుతుంది.

జగిత్యాల నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ యోసేపును సామ్యూలే ఎంపిక చేశాడు. ఎంపిక సరైనదే. అయితే యోసేపు క్షణం ఆగినా సామ్యూల్ మాట అందించేవాడు. కూర్చున్నవారందరూ సామ్యూల్ ముఖమే చూసేవారు.

"అన్నా, నువ్వు ఎదురుంగ ఉంటే నాకు నోరు లేస్తలేదు," అన్నాడు యోసేపు.

ఒక సెలవు రోజున అక్కడికి వెళ్ళి, కూటం మొదలయ్యే ముందు సామ్యూల్‌ను వంటింట్లోకి వెళ్ళమన్నాను.

"నా ఇంట్లో నన్నే వంటింట్లో కూర్చోమంటారేంటి సార్?"

"వచ్చే నెల ఇది మీ ఇల్లు కాదు," అన్నాను.

ఆయన వెళ్ళాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ప్రార్థన మధ్యలో యోసేపు ఆగిపోయాడు. సామ్యూల్ గుమ్మం దాకా వచ్చాడు. తల అడ్డంగా ఊపి ఆపాను.

"జర ఆగుర్రి, యాది చేసుకుంట," అన్నాడు యోసేపు. ఎవరో మెల్లగా నవ్వారు. యోసేపు ప్రార్థన అందుకొని ముగించాడు.

సామ్యూల్ వెళ్ళిపోయాక కూటం మరో కుటుంబం ఫ్లాటుకు మారింది. కొన్ని నెలల తరువాత తనిఖీకి వెళ్ళాను. యోసేపు తలుపు దగ్గరే నన్ను ఆపాడు.

"సార్, మీరు వంటింట్ల కూసోర్రి. ఇయ్యాల కొత్తాయన నడిపిస్తుండు. మిమ్ముల జూస్తే బెదురుతడు."

వెళ్ళి కూర్చున్నాను. శిక్షణ పూర్తయిందనడానికి శిక్షకుని సంతృప్తి గుర్తు కాదు. నేర్చుకొన్నవాడు మరొకరికి నేర్పడం మొదలుపెట్టడమే గుర్తు. ఆ తరువాత టెక్నీషియన్లను పరీక్షించేటప్పుడు కూడా నేను గది బయటే ఉండేవాణ్ణి.