ఉడుత వీరుడికి వేసిన బైండు

నా చేతికి ఏదైనా వస్తువు చిక్కిందంటే అది ఉన్నదున్నట్టు ఉండదు. మా ఇంట్లో బట్టలు రంగుల వారీగా ఉంటాయి, మసాలా డబ్బాల మీద పేర్లు ఉంటాయి, కత్తెర ఎక్కడుందో కళ్లు మూసుకుని తీసి ఇవ్వగలను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. నేను మా అమ్మ నేర్పిన పనితనం అంటాను. ఆ పనితనం చూసుకుని మురిసిపోతూ, జర్మనీలో మేముండే ఎర్లాంగెన్‌లో ఒక పెద్దాయనకు నేను చేసిన అన్యాయం గురించి చెప్పాలి. ఆయన చెల్లెలు తొమ్మిదేళ్లు నిండకుండానే పోయింది. ఆ పిల్ల చేతిరాత ఈ లోకంలో ఒక్కచోటే మిగిలి ఉండేది. దాన్ని నేను తీసి పారేశాను, అదీ ఆయనకు మేలు చేస్తున్నాననుకుంటూ.

ఆయన మా కింది అంతస్తులో ఉంటారు. భార్య పోయింది, పిల్లలు లేరు. కంటిచూపు సరిగ్గా మధ్యలో చెదిరిపోయే జబ్బు. ఎదుటి మనిషి చెవులూ భుజాలూ కనిపిస్తాయి గానీ ముఖం కనిపించదట. మా ఆయనకు బెర్లిన్‌లో ఉద్యోగం, శుక్రవారం వచ్చి ఆదివారం పోతాడు. స్కూలు అయ్యాక నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అమ్మాయిని ఎక్కడ ఉంచాలో తెలియక నేను తల పట్టుకున్న రోజుల్లో ఆయనే పైకొచ్చి తలుపు తట్టారు. "పిల్లను నా దగ్గర కూర్చోబెట్టండి. నాకూ ఒక జత కళ్లు కావాలి," అన్నారు.

ఆ కళ్లు ఎందుకు కావలసి వచ్చాయంటే, ఆయన దగ్గర ఒక అట్టపెట్టె నిండా పాత అమెరికన్ కామిక్ పుస్తకాలున్నాయి. యుద్ధం ముగిశాక ఈ ఊళ్లో అమెరికన్ సైనికులు దిగారు. ఆయన తల్లి వాళ్ల బట్టలు ఉతికేది. కూలి కింద సబ్బో, కాఫీ పొడో ఇచ్చేవారట. ఆ బట్టల మూటల్లో ఎప్పుడైనా చదివి వదిలేసిన కామిక్ పుస్తకం ఒకటి వచ్చేది. అలా రెండు మూడేళ్లలో పదకొండు పోగయ్యాయి. అన్నాచెల్లెళ్లకు ఇంగ్లీషు ముక్క రాదు. బొమ్మలు చూసి కథలు అల్లుకునేవారట.

జంతువులు మాట్లాడే కథలు మనకు కొత్తేం కాదు. ఇవి మాత్రం వీపున కేపు కట్టుకుని ఊళ్లు కాపాడే జంతువులు. దొంగల తుపాకుల్ని కరకర నమిలి మింగేసే మేక ఒకటి. ఎగరగలిగినా నిదానంగానే ఎగిరే తాబేలు ఒకటి, అది చేరేసరికి దోపిడీ అయిపోయి పోలీసులు కాఫీ తాగుతూ ఉంటారు. అందరిలోకీ పెద్ద వీరుడు ఉడుత. మామూలు రోజుల్లో కిరాణా కొట్లో గింజలు తూకం వేస్తుంది. ఆపద రాగానే కొట్టు వెనక్కి వెళ్లి ఎర్ర కేపు కట్టుకుని, కళ్లకు నల్ల ముసుగు పెట్టుకుని దూసుకొస్తుంది. ఊరంతటికీ ఉన్నది ఒక్క ఉడుత. ముసుగు పెట్టినంత మాత్రాన ఎవరో తెలియదా అని మా అమ్మాయిని అడిగాను. అది నన్ను జాలిగా చూసి, తెలిసినా తెలియనట్టు ఉంటారని జర్మన్‌లో చెప్పింది. నేను తెలుగులో అడగడం, అది జర్మన్‌లో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే.

నేను ఆఫీసు నుంచి సైకిలు మీద వచ్చి కింద వాళ్ల తలుపు తోసేసరికి ఇద్దరూ సోఫాలో ఉండేవారు. అమ్మాయి గడి తర్వాత గడి వర్ణించి చెప్పేది. ఉడుత ఇప్పుడు కప్పు మీద ఉంది, తోక ఎడమ పక్కకు తిరిగి ఉంది, మబ్బు పసుపుగా ఉంది, ఇలా. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. కథ అయ్యాక అది పుస్తకాన్ని వెనక్కి తిప్పి ఇంకేదో మెల్లగా చదివి వినిపించేది. నేను గుమ్మంలో నిలబడి "పదవే, అన్నం వండాలి," అని తొందరపెట్టేదాన్ని. అది చదివేదేమిటో ఒక్కసారీ అడగలేదు. అది నాకు ఎప్పుడో చెప్పే ఉంటుంది కూడా. పోపు వేస్తూ సగం చెవితో వినడం నాకు అలవాటు.

మొన్న వసంతంలో ఆయన స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచే తాళంచెవి ఇచ్చి అట్టపెట్టె మా ఇంట్లో పెట్టుకోమన్నారు, అమ్మాయి అక్కడికి వచ్చినప్పుడు ఒక్కో పుస్తకం తెచ్చి వినిపించాలని. ఇంతలో అమ్మాయి తన క్లాసు పిల్లలతో అయిదు రోజులు ఊరికి వెళ్లింది. పెట్టె మా హాల్లో నా కళ్లెదుట ఉండిపోయింది. ఆయన ఎనభై ఆరో పుట్టినరోజు ఆ శనివారం.

పెట్టె తెరిచి చూశాను. కాగితం గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. పిన్నులు తుప్పు పట్టాయి. నాకు పాలకొల్లులో మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు మాత్రం చింపి ట్రంకు పెట్టెలో దాచేది. సీరియల్ అయిపోయిన రోజున పేజీలన్నీ వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండరు అట్ట అంటించి బైండు వేసేది. మిగతా పత్రిక, అట్టలూ ప్రకటనలూ అన్నీ, కాగితాలవాడికి. మా ఇంట్లో అసలు పుస్తకం అంటే ఆ బైండే. వీధిలో వాళ్లు అడిగి పట్టుకెళ్లేవారు, మా అమ్మ గర్వంగా ఇచ్చేది.

ఉడుత కథలన్నీ తీసి ఒక్క బైండు వేస్తే పెద్దాయన ఎంత సంతోషిస్తారో అనుకున్నాను. ఫోన్లో మా ఆయనకు చెబితే, "ఆయనవి కదే, నువ్వెందుకు కెలుకుతావ్? ఉన్నవి ఉన్నట్టు ఇచ్చెయ్," అన్నాడు.

"మీకేం తెల్దు, ఊరుకోండి," అన్నాను.

మూడు సాయంత్రాలు కూర్చున్నాను. పిన్నులు విప్పి, ఉడుత కథల పేజీలు ఒక పక్కకు, మిగతావి ఒక పక్కకు. మేక పోయింది, తాబేలు పోయింది. అట్టలు పోయాయి. వెనక అట్ట లోపలి వైపు ప్రతి పుస్తకంలోనూ ఒక కూపన్ ఉంది. పేరు, వయసు, చిరునామా రాసి కత్తిరించి పంపితే ఉడుత వీరుడి సంఘంలో చేర్చుకుంటారు, ఎర్ర కేపు పంపిస్తారు. ఆ గళ్లలో పెన్సిల్‌తో ఏదో పిల్లరాత ఉంది. ఎవరో పిచ్చిగీతలు గీశారని అనుకున్నాను. అలా అనుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపే చూశాను. గురువారం పొద్దున పాత కాగితాలు ఎత్తుకెళ్లే బండి వస్తుందని బుధవారమే అన్నీ తీసుకెళ్లి కింద నీలం డబ్బాలో వేశాను. బైండు అందంగా కుదిరింది. ఎర్ర గుడ్డ అట్ట కూడా వేశాను.

ఆ వారం మా ఆయనకు రావడం కుదరలేదు. శనివారం అమ్మాయితో కలిసి ఆసుపత్రికి వెళ్లాను. అది ముందు రాత్రే ఊరి నుంచి వచ్చింది. అప్పటికే కానుకకు కాగితం చుట్టేశాను, దానికీ చూపించలేదు, ఇద్దరికీ ఒకేసారి ఆశ్చర్యం ఇవ్వాలని. ఆయన కాగితం విప్పి, అట్ట మీద చెయ్యి వేసి నిమిరారు.

"గట్టిగా ఉంది," అన్నారు. "ఏమిటిది?"

నేను ఉత్సాహంగా చెప్పాను. ఉడుత కథలన్నీ వరసగా, ఇక చిరగవు, రాలవు, మా అమ్మ ఇలాగే చేసేది, అని. ఆయన వింటూ ఒక కథ చివరికి పేజీలు తిప్పారు, వేళ్లతో తడుముతూ. ఆ తర్వాత ఇంకో కథ చివరికి. పుస్తకాన్ని అమ్మాయి వైపు జరిపి, "మా చెల్లి పేజీ చదువు," అన్నారు.

అమ్మాయి పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పింది. నా వైపు చూసింది. అప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

"మిగతా కాగితాలు ఎక్కడున్నాయి?" అని ఆయన నన్ను అడిగారు. గొంతులో కోపం లేదు.

"ఇంట్లో ఉన్నాయి," అన్నాను. అబద్ధం నోటికి అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికి ఎలా తొక్కుకుంటూ వచ్చానో తెలియదు. సైకిలు కింద పడేసి నీలం డబ్బా మూత తీశాను. అడుగున పిజ్జా డబ్బా ఒకటి ఉంది, అంతే. గురువారం బండి వచ్చి వెళ్లిపోయిందని తెలిసి కూడా నడుం దాకా వంగి వెతికాను. పక్క బిల్డింగు డబ్బా కూడా వెతికాను. అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"ఏవే, అసలేంటవి? చెప్పు," అన్నాను. అరిచాననే అనాలి.

అది వెక్కుతూ జర్మన్‌లో చెప్పింది. ఓపా వాళ్ల చెల్లికి ఆ కేపు కావాలి. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మ చూసి పోల్చుకుని, పుస్తకం వచ్చినప్పుడల్లా కూపన్ నింపేది. కత్తిరించి పోస్టు చేద్దామని అన్నను బతిమాలేది. కత్తిరిస్తే పుస్తకం పాడైపోతుందని ఓపా ఒప్పుకోలేదు. కత్తెర దాచేశారు. తర్వాత ఆ పిల్లకు క్షయ వచ్చింది. చెల్లి పోయాక వాళ్లు ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ పిల్ల నోటు పుస్తకాలు, బట్టలు ఏవీ మిగల్లేదు. కూపన్లు మాత్రం మిగిలాయి, ఓపా కత్తిరించనివ్వలేదు కాబట్టి.

ఆయన్ని ఓపా అని పిలవమని మా అమ్మాయికి నేనే నేర్పాను. జర్మన్‌లో తాతయ్య అని అర్థం. దాని వయసు తొమ్మిదేళ్లు. అది ఏడుస్తుంటే దగ్గరికి తీసుకోబోయాను. అది పక్కకు జరిగింది.

ఆ రాత్రి పాత కామిక్ పుస్తకాలు అమ్మేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. అవే సంచికలు దొరకవచ్చేమో. దొరికి ఏం లాభం? అందులో కూపన్లు ఖాళీగా ఉంటాయి.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి ఆయనకు చెప్పాను. ఒంటరిగా వెళ్తానంటే అమ్మాయి ఒప్పుకోలేదు, వెంట వచ్చింది. నేను జర్మన్‌లో ముందే రాసుకుని వల్లించుకున్న క్షమాపణ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. "పారేశాను. బండి తీసుకెళ్లిపోయింది. నిన్న అబద్ధం చెప్పాను," అన్నాను. ఎర్ర బైండు పక్కనే బల్ల మీద ఉంది. దాన్ని చూస్తే నాకు అసహ్యం వేసింది.

"ఆరేళ్లుగా నేను వాటిని చూడలేదు," అన్నారు ఆయన. "చూడటం కుదరదు. చెల్లి రాసిన అక్షరాలు ఉన్నచోటే నాకు మసక. వాటిని ఆఖరుసారి చూసింది మీరు. మీ కళ్లు మంచివి. చెప్పండి, ఎలా రాసింది?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. గుండ్రంగా రాసింది అంటే చాలు, గీతల మీద కుదురుగా రాసింది అంటే చాలు. ఆయన నమ్మేవారు. నమ్మాలని కూర్చున్నారు. చెబుదామని నోరు తెరిచాను కూడా. పదకొండు కూపన్లు నా వేళ్ల మధ్య నుంచి వెళ్లాయి. ఒక్క అక్షరమైనా గుర్తు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా పెన్సిల్ రంగు తప్ప ఏమీ రాలేదు.

"నేను చూడలేదు," అన్నాను.

ఆయన తల ఊపారు. కిటికీ వైపు తిరిగారు. ఆ ముఖం నేను బతికినంత కాలం మర్చిపోను.

అప్పుడు మా అమ్మాయి మంచం దగ్గరికి జరిగి మెల్లగా మొదలుపెట్టింది. మొదటి దాంట్లో పేరు, ఆరేళ్లు, వీధి పేరు, ఇంటి నంబరు. రెండో దాంట్లోనూ అంతే, వీధి పేరులో ఒక అక్షరం గడి దాటి బయటికి పోయింది. నాలుగో దాంట్లో ఆరు కొట్టేసి ఏడు. ఆరో దాంట్లో ఊరి పేరు కింద రెండు గీతలు, తప్పకుండా చేరాలని. ఎనిమిదో దాంట్లో కేపు సైజు అడగలేదని పక్కన తనంతట తానే ‘చిన్నది’ అని రాసింది. ఇది ఇవన్నీ ఎప్పుడు నేర్చుకుందో! ఆయన పెదవులు దానితో పాటే కదులుతున్నాయి. పదకొండో దాంట్లో పేరు ఒక్కటే ఉంది. వయసు లేదు, వీధి లేదు.

"ఆ రోజు పెన్సిల్ పట్టుకోలేకపోయింది," అన్నారు ఆయన. "మళ్లీ చెప్పు."

అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల, రేపు పెద్దదవుతుంది, మర్చిపోతుంది అనిపించి నాకు భయం వేసింది. గబగబా సంచిలోంచి పెన్నూ కాగితమూ తీసి రాసుకోబోయాను. పెన్ను చప్పుడు విన్నారేమో, ఆయన తల తిప్పకుండానే చెయ్యి పైకెత్తారు.

"మీరు వద్దు," అన్నారు.

పెన్ను సంచిలో పెట్టేశాను.