ఒత్సు గురించి నేను చెప్పని మాట

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఈ సంగతి రాస్తున్నది భయపడి కాదు, సిగ్గుపడి.

నేను ఖతర్‌లో సైట్ ఇంజనీర్ని, అల్ వుకైర్‌లో కాపురం. రెండేళ్ళ కిందట వాననీటి సొరంగం తవ్వే పనిలో ఉన్నాను. మాకు సలహాదారుగా ఒక జపాన్ పెద్దాయన ఉండేవారు. రోజూ పొద్దున పనికి ముందు కూలీలను నిలబెట్టి ఆయన ఇంగ్లీషులో జాగ్రత్తలు చెబితే, మా తెలుగువాళ్ళకి నేను తెలుగులో చెప్పాలి.

జాగ్రత్తలయ్యాక ఆయన తన ఊరు ఒత్సు గురించి రెండు ముక్కలు చెప్పేవారు. పెద్ద సరస్సు ఒడ్డున ఊరట. ఎన్నో ఏర్లు వచ్చి అందులో కలుస్తాయి, బయటికి పోయే నది మాత్రం ఒక్కటేనట. పాతకాలంలో ఓ అయిదేళ్ళు దేశానికి రాజధానిగా కూడా వెలిగిందట.

ఎండలో ఈ చరిత్ర పాఠం ఎవరిక్కావాలని నాకు విసుగు. "హెల్మెట్ బెల్టు బిగించుకోమంటున్నారు" అని ముగించేసేవాణ్ణి. వాళ్ళు తలూపేవారు. అది చూసి ఆయన మురిసిపోయేవారు.

ఆయన మా సైట్లో ఉన్న చివరి రోజున, ఆ సరస్సు నీళ్ళని పక్క ఊరికి తీసుకెళ్ళడానికి కొండ తొలిచి కాలువ తవ్విన సంగతి చెప్పారు. ఆ పనిలో చనిపోయిన కూలీల గుర్తుగా, పని చేయించిన ఇంజనీరు సొంత ఖర్చుతో రాయి పెట్టించాడట. చెబుతూ ఆయన తన హెల్మెట్ తీసి చేత పట్టుకున్నారు. నేను ఆ రోజూ హెల్మెట్ మాటే అన్నాను. "వాళ్ళకి అర్థమైందా?" అని అడిగారు. అయిందన్నాను.

తన దేశం వెళ్ళిన నెలకి ఆయన పోయారని కబురొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం విరామంలో మల్లయ్య నా దగ్గరికొచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి, బర్వా అల్ బరాహా కూలీల క్యాంపులో ఉంటాడు. చదువు లేదు, తెలుగు తప్ప మరో భాష రాదు. క్యాంప్ బస్సు కూడా నంబరు పక్కవాణ్ణి అడిగి ఎక్కుతాడు.

"జపాన్ సారు పోయిండంట గద సార్. కూలోళ్ళకు రాయి వెట్టిచ్చిన ఇంజనీరు ముచ్చట చెప్పిండు సూడు, గా దినం నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. ఇంటికి ఫోన్ జేసి మావోళ్ళకు గూడ చెప్పిన."

"నీకెవరు చెప్పారు మల్లయ్యా?"

"మీరే చెప్పిన్రు గద సార్."

తర్వాత ఆ వరసలో నిలబడ్డ నలుగురిని విడివిడిగా అడిగాను. అందరికీ హెల్మెట్ మాటే గుర్తుంది. ఆ సైట్లో నేను తప్ప మరో తెలుగు ఇంజనీరు లేడు.

మల్లయ్యకి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ మధ్యాహ్నం నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అతను నా చెయ్యి పట్టుకుని, "మంచిగ చెప్పిన్రు సార్" అన్నాడు.

నేను తలూపాను.